తేట నీళ్ళన్నీ మంచినీళ్ళేనా?

పల్నాడులో ఒక ఊరు. పేరుతో పని లేదు. మీ ఊరే అనుకోండి. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఇంట్లో అత్త, కోడలు, ఏడేళ్ళ పిల్లవాడు ఉన్నారు. కొడుకు పొలానికి పోయాడు.

పొయ్యి మీద పెద్ద గిన్నె ఉంది. గిన్నెలో నీళ్ళు సలసల కాగుతున్నాయి.

"ఎంతసేపు కాస్తావే అమ్మాయ్? నీళ్ళన్నీ ఇగిరిపోతన్నయ్" అంది అత్త.

"కాగనీ అత్తా. నిరుడు పిల్లోడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు కాచిన నీళ్ళే తాగించమన్నారు గదా. ఎంత కాస్తే అంత మంచిది. వాడి పళ్ళ మీద మచ్చలు కూడా పోతయ్యేమో."

అత్త మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. ఆమెకు యాభై దాటాయి, అంతే. కానీ నడుం వంగదు. మెడ తిప్పాలంటే మనిషే తిరగాలి. "కలుపు తీసీ తీసీ ఇట్టా అయింది" అనుకుంటుంది.

గిన్నెలో ఉన్నవి బోరింగు నీళ్ళు. అద్దంలా ఉంటాయి. నాలుక మీద తియ్యగా తగులుతాయి. పక్క వీధి బావి నీళ్ళు ఉప్పన. అందుకని ఊరంతా ఈ బోరింగు దగ్గరే బిందెలు వరస పెడతారు.

ఆ వారం నర్సమ్మ వచ్చింది. పిల్లవాడిని నోరు తెరవమంది. ముందు పళ్ళ మీద అడ్డంగా సుద్ద గీతలు ఉన్నాయి. కొన్నిచోట్ల పసుపు, గోధుమ రంగు మచ్చలు ఉన్నాయి.

"ఏ నీళ్ళమ్మా తాగుతున్నారు?" అని అడిగింది.

"బోరింగు నీళ్ళే నర్సమ్మగారూ. అవీ ఊరికే తాగం. సగం అయ్యేదాకా కాస్తాను."

"సగం అయ్యేదాకానా! అయ్యో అమ్మాయ్" అంది నర్సమ్మ.

ఎందుకలా అంది? కోడలు చేసింది తప్పా? నీళ్ళు కాచడం మంచిదే కదా. మంచిదే. కానీ ఏ జబ్బుకు ఏ మందో, ఏ నీళ్ళకు ఏ వైద్యమో తెలియాలి. కడుపు నొప్పి మందు కంట్లో వేసుకోం కదా.

లెక్క వేసి చూద్దాం

నీళ్ళలో రెండు రకాల చెడు ఉంటుంది. ఒకటి ప్రాణం ఉన్నది. అంటే సూక్ష్మజీవులు. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు, విరేచనాలు వీటి వల్లే వస్తాయి. వేడి తగిలితే ఇవి చచ్చిపోతాయి.

రెండోది ప్రాణం లేనిది. అంటే నీళ్ళలో కరిగిన ఉప్పులు, లోహాలు. ప్రాణం లేని దాన్ని కాచి చంపడం ఎట్లా? ఉప్పు వేసిన నీళ్ళు కాస్తే ఏమవుతుంది? నీళ్ళు ఆవిరై పోతాయి. ఉప్పు గిన్నెలోనే ఉంటుంది. సముద్రం నీళ్ళు మడుల్లో పెట్టి ఉప్పు పండించేది ఈ లెక్క మీదే.

ఆ బోరింగు నీళ్ళలో ఫ్లోరైడ్ అనేది ఉంది. లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. కోడలు 6 లీటర్లు పొయ్యి మీద పెట్టింది. పలకా బలపం తీసుకోండి.

6 లీటర్లలో ఫ్లోరైడ్ 6 × 2 = 12 మిల్లీగ్రాములు.
కాగి కాగి 3 లీటర్లు మిగిలాయి.
ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. అదే 12 మిల్లీగ్రాములు.
ఇప్పుడు లీటరుకు 12 ÷ 3 = 4 మిల్లీగ్రాములు.

లీటరుకు 2 ఉన్నది 4 అయింది. కట్టెలు ఖర్చయ్యాయి. నీళ్ళు ఇంకా చెడ్డవయ్యాయి. బిడ్డ మీద ప్రేమతోనే ఆ తల్లి అంతసేపు పొయ్యి దగ్గర కూర్చుంది.

ఎంతవరకు ఉండవచ్చు? మన దేశపు కొలత ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్ళు అసలు దొరక్కపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. అంతకు మించితే తాగకూడదు.

మన నేల, మన నీళ్ళు

పల్నాడు రాతి సీమ. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ వైపు నాపరాయి, సున్నపురాయి. పిడుగురాళ్ళ సున్నం బట్టీలకు పేరు. వినుకొండ, నరసరావుపేట వైపు నల్లరాతి కొండలు, గుట్టలు. శ్రీనాథ మహాకవి పల్నాటి మీద చెప్పాడని ఒక చాటు పద్యం ఉంది. అందులో ఇక్కడి నాపరాళ్ళనూ, నాగులేటి నీళ్ళనూ ఎత్తిపొడిచాడు. ఆరు వందల ఏళ్ళ కిందటే ఇక్కడ నీళ్ళ మాట అట్లా ఉంది!

వాన నీరు నేలలోకి ఇంకుతుంది. రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఏ రాతిలో నిలిస్తే ఆ రాతి గుణం నీళ్ళకు వస్తుంది. సున్నపురాతిలో నిలిచిన నీళ్ళు గట్టి నీళ్ళు. వాటిలో కందిపప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. రుచికి బాగుండవు. కానీ ఆ పెచ్చు విషం కాదు.

కొన్ని రకాల రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది. నల్లరాయి ఉన్నచోట ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వినుకొండ ప్రాంతం బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అయితే అన్ని బోర్లలో ఉండదు. ఒకే ఊళ్ళో ఒక బోరులో ఉంటుంది, వంద గజాల అవతలి బోరులో ఉండదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. సున్నం ఎక్కువ ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరగలేదు. సున్నం తక్కువగా ఉండి, నాలుకకు మెత్తగా తగిలే నీళ్ళలో బాగా కరుగుతుంది. అంటే ఊరంతా మెచ్చుకునే తియ్యటి బోరింగులోనే అది ఎక్కువ ఉండవచ్చు. అందరూ తిట్టుకునే గట్టి నీళ్ళ బావిలో తక్కువ ఉండవచ్చు. ఉండవచ్చు అంటున్నాం, ఉంటుంది అనడం లేదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు. వాసన లేదు. రుచి లేదు. కంటితో, నాలుకతో తేల్చలేం.

ఎద్దులు ముందుగా చెప్పాయి

ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది మన పక్కనే. దర్శి, పొదిలి ప్రాంతాల్లో. అవి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడ ఎద్దులు నడవలేక కుంటుతుంటే రైతులు చూశారని చెబుతారు. బలంగా ఉన్న ఎద్దు కూడా కాళ్ళు బిగుసుకుపోయి కాడి లాగలేకపోయేది. తరువాత మనుషుల్లోనూ అదే కనిపించింది. డాక్టరు షార్ట్, ఆయన తోటి వైద్యులు ఆ మనుషులను పరీక్షించారు. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లే ఈ జబ్బు అని 1937లో వైద్య పత్రికలో రాశారు. అంతకు ముందు దాన్ని వాతం అనీ, కర్మ అనీ అనుకునేవాళ్ళు. ఇప్పటికీ అనుకునేవాళ్ళు ఉన్నారు. తరువాత నల్లగొండ జిల్లాలో ఇది ఎంతమందిని వంచిందో దేశమంతా చూసింది.

ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. ఇది రెండు చోట్ల దెబ్బ తీస్తుంది.

మొదటిది పళ్ళు. చిగురు కింద పన్ను తయారయ్యేటప్పుడే మచ్చ పడుతుంది. సుమారు 8 ఏళ్ళ లోపు పిల్లలకు ఈ ముప్పు. పన్ను బయటికి వచ్చాక తోమితే ఆ మచ్చ పోదు. వక్కాకు గార అయితే గీకితే పోతుంది. ఇది పన్ను లోపలిదే. "పళ్ళు తోముకోడు" అని పిల్లవాడిని కొట్టవద్దు. వాడి తప్పు ఏమీ లేదు.

రెండోది ఎముకలు. ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్ళు బిగుసుకుంటాయి. నడుం, మెడ, మోకాళ్ళు పట్టేస్తాయి. బాగా ముదిరితే మనిషి వంగిపోతాడు. వంగిన నడుమును మళ్ళీ నిలబెట్టే మందు లేదు. అందుకే ముందే ఆపాలి.

ఇంట్లోనే మూడు పనులు చేసి చూడండి. మోకాలు వంచకుండా వంగి కాలి వేళ్ళు ముట్టుకోండి. గడ్డం రొమ్ముకు ఆనించండి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టండి. ఇవి చేయలేకపోతే డాక్టరుకు చూపించుకోండి. తాగే నీళ్ళ సంగతి కూడా ఆయనకు చెప్పండి. నడుం నొప్పులన్నీ ఫ్లోరోసిస్ కావు. కలుపు తీసే వాళ్ళకు, బస్తాలు మోసే వాళ్ళకు వేరే నొప్పులూ ఉంటాయి. డాక్టరే తేల్చాలి.

ఆ ఇంట్లో అత్త వంగింది. చేతులు మోకాళ్ళు దాటలేదు. ఏమీ అనకుండా గడప మీద కూర్చుంది.

మరి ఏం చేయాలి?

"ఇప్పుడు నీళ్ళు ఎక్కడ తేవాలి నర్సమ్మగారూ?" అంది కోడలు. అసలు ప్రశ్న అదే.

మొదట ఒక ఊరట మాట. ఇంట్లో వాడే నీళ్ళన్నీ మార్చక్కర్లేదు. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు, గొడ్ల సావిడి కడగడానికి బోరింగు నీళ్ళే వాడండి. ఫ్లోరైడ్ ఒంటి మీద నుంచి లోపలికి పోదు. తాగడానికీ వండడానికీ మాత్రం వేరే నీళ్ళు కావాలి. అన్నం, పప్పు, టీ, మజ్జిగ అన్నీ ఈ లెక్కలోవే. వంట నీళ్ళ సంగతి చాలామంది మర్చిపోతారు. తాగడానికి క్యాను కొంటారు. ఎసరు మాత్రం బోరింగు నీళ్ళతో పెడతారు. ఆ నీళ్ళు అన్నంలోకే పోతాయి.

దొరికితే కాలవ నీళ్ళు మేలు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాది రాయి పడింది. 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. కుడి కాలవ మాచర్ల దగ్గర మొదలై పల్నాడు మీదుగా ప్రకాశం జిల్లాకు పోతుంది. కాలవ నీళ్ళతో ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుతారు. కృష్ణ నీళ్ళలో ఫ్లోరైడ్ బాధ లేదు. కాలవ ఎక్కని మెరక ఊళ్ళదే కష్టం.

వాన నీళ్ళలోనూ ఫ్లోరైడ్ ఉండదు. గచ్చు డాబా ఉంటే మొదటి వాన నీళ్ళు వదిలేసి, తరువాతి వాన నీళ్ళను మూత ఉన్న తొట్టిలోకి పట్టుకోవచ్చు.

ఇవేవీ లేకపోతే నీళ్ళలో నుంచి ఫ్లోరైడ్ తీయాలి. నాగపూర్‌లోని 'నీరి' అనే పరిశోధన సంస్థ 1970లలో ఒక పద్ధతి కనిపెట్టింది. దాని పేరు నల్లగొండ పద్ధతి. సున్నం, బ్లీచింగ్ పొడి, పటిక నీళ్ళలో కలుపుతారు. బాగా తిప్పి, సుమారు గంటసేపు కదలకుండా ఉంచుతారు. ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. పై తేట వంచుకుంటారు. మడ్డిని బావికీ బోరుకూ దూరంగా పారబోయాలి. ఇది వినడానికి తేలిక. కానీ పటిక ఎంత, సున్నం ఎంత అన్నది ఆ నీళ్ళను బట్టి మారుతుంది. ఊహ మీద వేయకూడదు. పటిక తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. ఎక్కువైతే పటికలోని లోహం నీళ్ళలో మిగులుతుంది. నీళ్ళు పరీక్ష చేయించి, కొలత రాయించుకున్న తరువాతే చేయాలి.

ఈ రోజుల్లో ఊరూరా నీళ్ళ ప్లాంట్లు వచ్చాయి. 2014 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం 20 లీటర్లు 2 రూపాయలకు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ప్రైవేటు ప్లాంట్లూ ఉన్నాయి. ఇవి ఆర్.ఓ. యంత్రాలు. సన్నటి పొర గుండా నీళ్ళను గట్టిగా నెడతాయి. ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. అయితే కొన్ని సంగతులు అడగాలి. ఆ పొర ఎప్పుడు మార్చారు? క్యాన్లు రోజూ కడుగుతున్నారా? యంత్రం వదిలేసే నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? ఆ వదిలేసిన నీళ్ళలో ఫ్లోరైడ్ చిక్కబడి ఉంటుంది. వాటిని తిరిగి బావిలోకి, బోరు పక్క గుంటలోకి వదిలితే మళ్ళీ మన కడుపులోకే వస్తుంది. గొడ్లకూ పెట్టవద్దు.

ప్లాంటు వాళ్ళు పెన్ను లాంటి మీటరు ముంచి "చూడండి, నీళ్ళు బంగారం" అంటారు. ఆ మీటరు నీళ్ళలో మొత్తం ఉప్పులు ఎంతో చెబుతుంది. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. సూక్ష్మజీవులు ఉన్నాయో లేదో అసలే చెప్పదు.

తిండి సంగతి కూడా. పాలు, పెరుగు, రాగులు, మునగాకు, ఉసిరి, నిమ్మ బాగా తినేవాళ్ళకు దెబ్బ కొంత తక్కువ తగులుతుంది. ఇవి మందు కాదు. నీళ్ళు మార్చకుండా మునగాకు తింటే చాలదు. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. చిన్న పిల్లలకు టీ అలవాటు చేయవద్దు.

కాలవ నీళ్ళు వచ్చాయి, భయం పోయిందా?

ఆ ఊరికి కాలవ నీళ్ళు పైపుల్లో వచ్చాయనుకుందాం. వీధి కుళాయిలు పెట్టారు. అత్త దండం పెట్టింది. కోడలు ఇక నీళ్ళు కాచడం మానేసింది. "కాస్తే చిక్కబడతయ్ గదా!"

ఇదిగో, ఇప్పుడు కాచాలి! బోరింగు నీళ్ళకు కాచడం పనికిరాలేదు. కాలవ నీళ్ళకు అదే కావాలి. కాలవ, చెరువు ఆకాశం కింద ఉంటాయి. గొడ్లు దిగుతాయి. బట్టలు ఉతుకుతారు. వీటిలో ఫ్లోరైడ్ భయం లేదు, సూక్ష్మజీవుల భయం ఉంది. సగం అయ్యేదాకా మాత్రం కాచక్కర్లేదు. బాగా తెర్లి, బుడగలు పైకి పొంగాక ఒక నిమిషం చాలు. మురికిగా ఉంటే ముందు తేర్చి, మడత పెట్టిన శుభ్రమైన గుడ్డతో వడకట్టాలి. కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లార్చాలి. చెయ్యి ముంచకుండా కాడ గరిటెతో తీసుకోవాలి.

"ఊరి ట్యాంకులో బ్లీచింగ్ వేస్తారు గదా, మళ్ళీ కాచడం ఎందుకు?" అంటారు కొందరు. ట్యాంకులో నీళ్ళు మంచివే కావచ్చు. కానీ ట్యాంకు నుంచి మన బిందె దాకా దారి ఉంది. ఆ దారి పైపు.

పైపు ఎట్లా పాడవుతుంది? ఇనుప పైపుకు లోపల తగరం రంగులో జింకు పూత ఉంటుంది. కొన్నేళ్ళకు ఆ పూత అరుగుతుంది. ఇనుము నీళ్ళకూ గాలికీ తగిలి తుప్పు పడుతుంది. ఉప్పు నీళ్ళయితే ఇంకా తొందరగా పడుతుంది. పొద్దున కుళాయి తిప్పగానే ఎర్రటి నీళ్ళు వస్తాయి. తెల్ల పంచె మీద మరకలు పడతాయి. టీ నల్లగా అవుతుంది. ఆ తుప్పు కడుపులోకి పోయినా పెద్దగా హాని లేదు. రుచి పోతుంది, అంతే. కానీ తుప్పు ఒక కబురు చెబుతుంది. పైపు పలచబడింది, ఎక్కడో చిల్లు పడింది, లేదా పడబోతోంది అని.

చిల్లు పడితే నీళ్ళు బయటికి కారతాయి, అంతేగా అనుకుంటాం. నీళ్ళు వచ్చే గంటసేపు అంతే. నీళ్ళు ఆగిపోయాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు బయటి నీళ్ళను లోపలికి పీలుస్తుంది. ఆ పైపు మురుగు కాలవలో నుంచి పోతుంటే పీల్చేది మురుగే. పొద్దున మొదటి బిందెలోకి అదే వస్తుంది.

ఇది ఊహ కాదు. 2018 మార్చిలో గుంటూరు పట్టణంలో ఆనందపేట, ఆ చుట్టుపక్కల విరేచనాలు ప్రబలాయి. తాగునీటి పైపుల్లో మురుగు కలిసింది. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. పలువురు చనిపోయారు. వాళ్ళు తాగింది పట్టణపు కుళాయి నీళ్ళే.

ఇంకో పని మనమే చేస్తున్నాం. కుళాయికి మోటారు బిగిస్తున్నాం. మోటారు నీళ్ళను గుంజేటప్పుడు వీధి పైపులో ఒత్తిడి పడిపోతుంది. చిల్లుల దగ్గర మురుగు లోపలికి వస్తుంది. మోటారు ఇంటి బిందెలు నిండుతాయి. ఆ మురుగు తొమ్మిది ఇళ్ళకు పంచబడుతుంది, మోటారు ఇంటికి కూడా. ఈ మాట పొరుగింటి వాళ్ళకు చెబితే తగువు వస్తుంది, నిజమే. అందుకని నలుగురూ కలిసి చెప్పాలి.

మొదట వచ్చే ఎర్ర నీళ్ళు కాసేపు చెట్లకు, అంట్లకు పట్టండి. తేటబడ్డాక తాగే బిందె పెట్టండి. కుళాయి గుంటలో ఉంటే, గుంటలో నీళ్ళు నిలిస్తే, కుళాయి పైకి ఎత్తించండి. పైపు మురుగు కాలవలో ఉంటే పంచాయతీకి రాసి పక్కకు మార్పించండి.

ఒక దూరదేశపు సంగతి

పైపు తుప్పుతో ఒక పెద్ద పట్టణమే దెబ్బతిన్నది. అది అమెరికాలో ఫ్లింట్ అనే పట్టణం. 2014 ఏప్రిల్‌లో అక్కడి అధికారులు డబ్బు ఆదా కోసం నీళ్ళు మార్చారు. దగ్గరి నది నీళ్ళు పైపుల్లోకి వదిలారు. ఆ నీళ్ళు పైపులను తినేసే రకం. తినకుండా ఆపే మందు కలపాలి. కలపలేదు. అక్కడి పాత పైపులు కొన్ని సీసంతో చేసినవి. సీసం కరిగి నీళ్ళలోకి వచ్చింది. జనం రంగు మారిన నీళ్ళు సీసాల్లో పట్టుకుని సభలకు వెళ్ళారు. "నీళ్ళు బాగానే ఉన్నాయి" అన్నారు అధికారులు. ఆ ఊళ్ళో కార్ల ఇంజన్లు చేసే ఫ్యాక్టరీ ఉంది. ఇంజను భాగాలు తుప్పు పడుతున్నాయని ఆ ఫ్యాక్టరీ 2014 అక్టోబరులోనే ఆ నీళ్ళు మానేసింది. జనానికి మాత్రం ఇంకో ఏడాది అవే నీళ్ళు ఇచ్చారు. 2015లో పిల్లల రక్తం పరీక్ష చేస్తే సీసం పెరిగినట్టు తేలింది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. కాస్తే పోదు.

మన ఊళ్ళలో సీసపు పైపులు లేవు. కానీ నాసిరకం ప్లాస్టిక్ పైపుల్లో, ఇత్తడి కుళాయిల్లో కొంత సీసం ఉండవచ్చు. పైపు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. తాగునీటికి పనికివచ్చే పైపే ఇమ్మని అడగండి. రాగి, ఇత్తడి బిందెల్లో నీళ్ళు పోసుకుంటే తప్పు లేదు. పులుపు మాత్రం పోయవద్దు. మజ్జిగ, చింతపండు రసం తగిలితే లోహం కరుగుతుంది. పచ్చటి చిలుము కనిపిస్తే బాగా తోమకుండా వాడవద్దు.

బ్లీచింగ్ పొడి, జాగ్రత్తలు

బ్లీచింగ్ పొడి మంచి మందే. సూక్ష్మజీవులను చంపుతుంది. ఫ్లోరైడ్‌ను, ఉప్పును, సీసాన్ని ఏమీ చేయలేదు. తేటగా ఉన్న 1000 లీటర్ల నీళ్ళకు మంచి పొడి సుమారు రెండున్నర గ్రాములు చాలు. చూశారా, ఎంత తక్కువో! గుప్పెట్లతో కొలిచేది కాదు. చిన్న తక్కెడలో తూచాలి. పొడిని ముందు కొద్ది నీళ్ళలో ముద్దగా కలపాలి. తరువాత ఇంకొన్ని నీళ్ళు పోసి కాసేపు ఉంచాలి. పై తేట ట్యాంకులో పోయాలి. అడుగు సున్నం పారేయాలి. గంట ఆగాక నీళ్ళు వాడాలి. లీలగా బ్లీచింగ్ వాసన వస్తే భయపడవద్దు. మందు ఇంకా పని చేస్తోందని అర్థం.

మూత తీసి ఉంచిన పొడి బలం పోతుంది. ఎండ తగిలినా, తడి తగిలినా పోతుంది. నిరుటి బస్తా చల్లితే పొడి కనిపిస్తుంది, పని జరగదు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. బ్లీచింగ్ పొడిని మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపవద్దు. విషవాయువు పుడుతుంది. ఊపిరి ఆడదు. ప్రాణం పోవచ్చు. పిల్లలకు అందని చోట పెట్టండి. ట్యాంకు, సంపు కడగడానికి ఒంటరిగా దిగవద్దు. పైన ఒక మనిషి ఉండాలి. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి.

ఇళ్ళకు క్లోరిన్ మాత్రలు ఇస్తారు. అన్ని మాత్రలూ ఒకటి కావు. ఎన్ని లీటర్లకు ఎన్ని మాత్రలో అట్ట మీద రాసి ఉంటుంది. మీకు చదువు వచ్చింది కదా, అట్ట చదవండి. మాత్రను నీళ్ళలో వేయాలి, నోట్లో కాదు.

పసిపిల్లలున్న ఇంటికి ఇంకో మాట. ఎరువులు ఎక్కువ వేసే పొలాల మధ్య బావుల్లో, మరుగుదొడ్డి గుంటల పక్క బోర్లలో నైట్రేటు చేరుతుంది. డబ్బాపాలు ఆ నీళ్ళతో కలిపితే పసిబిడ్డ ఒళ్ళు నీలంగా మారవచ్చు. ఇదీ కాస్తే పోదు. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు, నీళ్ళూ అక్కర్లేదు.

పరీక్ష చేయించడం

కళ్ళతో తెలియనిది పరీక్షలో తెలుస్తుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖకు నీళ్ళు పరీక్షించే లేబరేటరీలు ఉన్నాయి. 2019లో మొదలైన జల జీవన్ పథకం కింద ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకు పరీక్ష పెట్టె వాడడం నేర్పాలని పెట్టారు. మీ ఊళ్ళో ఎవరు నేర్చుకున్నారో అడగండి. ఎవరూ లేకపోతే మీరే నేర్చుకుంటామని చెప్పండి. పదో తరగతి పాసవ్వాల్సిన పని కాదు. రంగు చూసి, అంకె చదివితే చాలు.

ఫ్లోరైడ్ పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా పట్టుకెళ్ళండి. బోరింగు కాసేపు కొట్టి, ఆ నీళ్ళతో సీసాను రెండు మూడు సార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి. సీసా మీద ఊరు, బోరింగు ఉన్న చోటు, తేదీ రాయండి. సూక్ష్మజీవుల పరీక్షకు సీసా లేబరేటరీ వాళ్ళే ఇస్తారు. అది మనం కడగకూడదు. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించండి.

కాగితం వచ్చాక "బాగున్నాయి" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ఫ్లోరైడ్ అన్న గీతలో అంకె చదవండి. 1 లోపు ఉందా? 1కీ 1.5కీ మధ్య ఉందా? దాటిందా? దాటిన బోరింగుకు ఎర్ర రంగు వేయించి, "తాగవద్దు, వాడుకోవచ్చు" అని రాయించండి.

ఆ ఇంటి కోడలు రాత్రిబడిలో చదువుకుంది. పది ఇళ్ళ వాళ్ళను పోగుచేసి ఒక అర్జీ రాసింది. మీరూ ఖాళీలు నింపి రాయండి.

పంచాయతీ కార్యదర్శి గారికి,
........... గ్రామం, ........... మండలం, పల్నాడు జిల్లా.

అయ్యా,

మా వీధి బోరింగు నీళ్ళు మేము ....... ఏళ్ళుగా తాగుతున్నాము. మా పిల్లల్లో ....... మందికి పళ్ళ మీద మచ్చలు ఉన్నవి. పెద్దల్లో ....... మందికి నడుము వంగుట లేదు. ఈ నీళ్ళు పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ ఎంత ఉన్నదో అంకెతో సహా కాగితం మాకు ఇప్పించగలరు. ఎక్కువ ఉన్న యెడల తాగుటకు, వంటకు వేరే నీళ్ళు ఏర్పాటు చేయించగలరు. మా వీధి కుళాయి పైపు ........... దగ్గర మురుగు కాలవలో ఉన్నది. దానిని కూడా పక్కకు మార్పించగలరు. ఈ అర్జీ అందినట్లు రసీదు ఇప్పించగలరు.

తేదీ ...........

ఇట్లు,
బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకునే ఇళ్ళ వాళ్ళము.
సంతకాలు:
1. ...........
2. ...........
3. ...........

మూడో సంతకం అత్తది. చెయ్యి వణికింది. వేలిముద్ర వేస్తావా అని ఎవరో అడిగారు. "ఎందుకు, నాకు రాదా?" అని పూర్తిగా రాసింది.